గట్టు దాటితేనే సంతోషము



సుఖము వేరు, సంతోషము వేరు. మనలో చాలామంది ఈ రెండింటిని ఒకటే అనుకుంటారు. వేపచెట్టు నీడలో మంచము వేసుకొని పడుకుంటే కలిగేది సుఖము. చేయలేమేమో అనుకున్న పనిని చేసి ముగించి, సాయంకాలము కాళ్ళు కడుక్కొని అరుగు మీద కూర్చున్నప్పుడు కలిగేది సంతోషము. నిన్నటి సుఖము ఈరోజుకు గుర్తుండదు. సంతోషమునైతే పదేండ్ల తరువాత కూడా పిల్లలను దగ్గర కూర్చోబెట్టుకొని చెప్పుకుంటాము.

"సుఖముగా ఉన్న చోటు విడిచి బయటికి రండి, అప్పుడే సంతోషము దొరుకుతుంది" అని పట్టణములలో ఉపన్యాసములు చెప్పేవారు ఉన్నారు. ఈ మాట మన అనంతపురము మెట్ట ప్రాంతములో చెబితే, "అయ్యగారూ, విడిచిపెట్టడానికి మాకు సుఖమెక్కడ ఉంది?" అని ఎవరైనా అడుగుతారు. అది న్యాయమైన ప్రశ్న. దానికి జవాబు చెప్పకుండా ఈ విషయమును గురించి మాట్లాడకూడదని మా అభిప్రాయము.

మా జవాబు ఇది. మనిషికి కష్టము కూడా అలవాటైపోతుంది. అలవాటైన కష్టము పాత చెప్పు వంటిది. అది కరుస్తుంది, అయినా దానినే తొడుక్కుంటాము, ఎక్కడ కరుస్తుందో తెలుసు గనుక. కొత్త చెప్పు ఎక్కడ కరుస్తుందో తెలియదు. కొత్త మేలు కంటే పాత కీడే నయమనిపించే ఈ మనసే మన చుట్టూ ఉన్న గట్టు. ధనవంతుని గట్టు మెత్తటి పరుపు. పేదవాని గట్టు అలవాటైన కష్టము. దాటవలసిన అవసరము మాత్రము ఇద్దరికీ ఉన్నది.

వాన ముఖము చాటేసే నేల

మన ప్రాంతములో సంవత్సరమునకు పడే వాన సుమారు 550 మిల్లీమీటర్లు. దేశములో అతి తక్కువ వాన పడే జిల్లాల వరుసలో మన పేరు ఎప్పుడూ ముందే ఉంటుంది. నైరుతి మేఘములను పడమటి కనుమలు అడ్డగిస్తాయి. ఈశాన్య మేఘములు బంగాళాఖాతము నుండి ఇంత దూరము వచ్చేసరికి ఖాళీ అవుతాయి. 2022 ఏప్రిల్ 4న జిల్లా రెండుగా విడిపోయి శ్రీ సత్యసాయి జిల్లా ఏర్పడింది. పేరు మారినా రెండు జిల్లాల ఆకాశము ఒక్కటే.

ఇటువంటి నేలలో మన తాతలు కొర్ర, సజ్జ, జొన్న, ఆరిక, ఉలవ, కంది కలిపి వేసుకునేవారు. ఒకటి పోయినా ఒకటి నిలిచేది. తరువాత చెనిక్కాయ వచ్చింది. చేతికి డబ్బు వచ్చే పంట గనుక మెల్లమెల్లగా మిగిలినవన్నీ వెనుకకు పోయాయి. ఒక కాలములో ఉమ్మడి జిల్లాలో 7 లక్షల హెక్టార్లకు పైగా వేరుశనగే ఉండేది. ఊడలు దిగే సమయమునకు వాన రాకపోతే చెట్టు పచ్చగా కనబడుతూనే ఉంటుంది, కింద కాయ ఉండదు. ఈ బాధ మీకు మేము చెప్పనక్కరలేదు.

అయినా రైతు దానినే ఎందుకు వేస్తాడు? సోమరితనము వలన కాదు. విత్తనము రాయితీ మీద దొరుకుతుంది, బ్యాంకువారు ఆ పంటకు అప్పు ఇస్తారు, కొనేవాడు ఊరికే వస్తాడు, కాయ లేకపోయినా ఎద్దులకు కట్టె మిగులుతుంది. ఇవన్నీ నిజమైన కారణములే. గట్టు దాటలేనివానిని ఎగతాళి చేసేవారు ఈ లెక్కను ఒకసారి వేసి చూడాలి.

మరొక బోరు సాహసము కాదు

ఇక్కడ ఒక మాట స్పష్టముగా చెప్పాలి. గట్టు దాటడము అంటే తెగించడము కాదు.

మొదటి బోరు ఎండిపోతుంది. రెండవది వేస్తాము. అరచేతిలో కొబ్బరికాయ పెట్టుకొని నీటి జాడ చూపేవారిని పిలుస్తాము. ఐదు వందల అడుగులు, ఎనిమిది వందల అడుగులు దింపుతాము. దుమ్ము లేస్తుంది. భార్య మెడలోని బంగారము పోతుంది, వడ్డీ పెరుగుతుంది. అప్పుడు మూడవది, నాలుగవది. చూసేవారు "ఎంత ధైర్యము!" అంటారు. మాకైతే అది ధైర్యముగా కనబడదు. అదే పొలములో అదే ఆశతో అదే పని మరింత లోతుగా చేయడము అది. అలవాటు గట్టు లోపలే తిరుగుతూ లోతుకు దిగడము అది. దాని వలన ఎన్ని ఇండ్లలో దీపము ఆరిందో మన గ్రామములకు తెలుసు.

ఐదు ఎకరాలు ఉన్నవాడు ఒక అర ఎకరాలో కొర్ర వేసి చూడటము నిజమైన సాహసము. వేరుశనగలో కొన్ని సాళ్ళకు ఒక సాలు చొప్పున కంది వేయడము నిజమైన సాహసము. కంది వేరు లోతుకు పోతుంది, వెనుక వచ్చే వానను కూడా అందుకుంటుంది. కొర్ర మూడు నెలలలో చేతికి వస్తుంది. ఈ సాహసములో అప్పు తక్కువ, నవ్వేవారు ఎక్కువ. "ఏమిరా, నీ తాత పంట మళ్ళీ తెచ్చినావా?" అంటారు. ఆ నవ్వును తట్టుకోవడమే అసలు కష్టము. బోరు బండివానికి డబ్బు ఇవ్వడానికి వెనుదీయని మగవాడు పొరుగువాని నవ్వుకు వెనుదీస్తాడు.

తెలియని ఊరికి వచ్చిన ఇద్దరు

మన ప్రాంతములో గట్టు దాటినవారిని గురించి చెప్పాలంటే ఫాదర్ ఫెర్రర్‌ను విడిచిపెట్టి చెప్పలేము. ఆయన మన సంఘములకు చెందినవారు కారు. కాథోలిక్కులలో యేసు సభ అనే సన్యాసుల సభకు చెందినవారు. అయినా ఆయన పేరు తెలియని పల్లె ఇక్కడ అరుదు.

విన్సెంట్ ఫెర్రర్ 1920లో స్పెయిన్ దేశములోని బార్సిలోనాలో జన్మించారు. పడుచుతనములో తమ దేశపు అంతర్యుద్ధమును కళ్ళారా చూశారు. 1952లో ఇండియాకు వచ్చి, మహారాష్ట్రలోని మన్మాడ్ ప్రాంతములో రైతుల మధ్య పనిచేశారు. బావులు తవ్వుకునే రైతులకు గోధుమలు, నూనె ఇచ్చి, పని వారి చేతనే చేయించేవారు. అది కొందరికి నచ్చలేదు. 1968లో ఆయన దేశము విడిచి వెళ్ళవలసి వచ్చింది. అప్పుడు వేలాది రైతులు ఆయన కొరకు బొంబాయి వరకు నడిచారు.

1969లో ఆయన తిరిగి వచ్చారు. అయితే తెలిసిన మన్మాడ్‌కు కాదు, తెలియని అనంతపురమునకు. అప్పటికి ఆయనకు 49 ఏండ్లు. మన ఊళ్ళలో ఆ వయసువారు "ఇక మన వల్ల ఏమవుతుంది, పిల్లలే చూసుకుంటారు" అని అరుగు ఎక్కుతారు. ఆయన ఆ వయసులో కొత్త భాష, కొత్త మనుష్యులు, కొత్త కరువు ఎదుట నిలబడ్డారు. ఆ సంవత్సరమే రూరల్ డెవలప్‌మెంట్ ట్రస్టు, అంటే మనము ఆర్డీటీ అని పిలిచే సంస్థ మొదలయింది. 1970లో ఆయన సన్యాసి సభను విడిచి, ఆన్ పెర్రీ అనే ఇంగ్లండు యువతిని వివాహము చేసుకున్నారు. బొంబాయిలో పత్రికా విలేఖరిగా ఉన్న ఆమె, ఇరవైల వయసులోనే ఆ నగరమును విడిచి ఈ ఎండకు వచ్చారు.

తరువాత జరిగినది మీ కళ్ళ ఎదుటనే ఉన్నది. బత్తలపల్లి, కళ్యాణదుర్గము, కణేకల్లులలో ఆసుపత్రులు, దళితవాడలలో పక్కా ఇండ్లు, చదువుకున్న పిల్లలు. ఆ ఇండ్లను ఇంటి ఆడవారి పేరనే వ్రాయించారు. 2009 జూన్ 19న ఫెర్రర్ అనంతపురములోనే కన్నుమూశారు. ఆయన సమాధి బత్తలపల్లిలో ఉన్నది. ఆయన తరువాత కూడా ఆన్ గారు స్వదేశమునకు పోలేదు, ఇక్కడే ఉండి పని కొనసాగించారు.

ఒక మనిషి మనసులోని సంతోషమును బయటివారము కొలవలేము. అయితే ఒక సంగతి గమనించండి. కష్టమే తప్ప సంతోషము లేని చోట ఎవరును నలభై ఏండ్లు నిలువరు. వారు వచ్చినది సంతోషమును వెదుకుతూ కాదు. ఇతరుల అవసరమును వెదుకుతూ వచ్చారు. సంతోషము వారిని వెంబడించి వచ్చిందని మేము నమ్ముతాము.

బోడికొండ మీద కాపలా

ఒక మనిషి దాటే గట్టు ఉన్నట్టే ఊరంతా కలిసి దాటే గట్టు కూడా ఉన్నది. చెన్నేకొత్తపల్లి మండలములో 1990లో కొందరు మిత్రులు 32 ఎకరాల బీడు కొన్నారు. గడ్డి కూడా సరిగా మొలవని నేల అది. టింబక్టు కలెక్టివ్ అనే సంస్థ అక్కడ పుట్టింది. మంట పెట్టకుండా, మితిమీరి మేపకుండా నేలను కాపాడితే అది తనంతట తానే కోలుకుంటుందని వారు చూపించారు. తరువాత ముష్టికోవెల, చుట్టుపక్కల ఊళ్ళవారు కలిసి వేలాది ఎకరాల కొండ బీడును అదే విధముగా కాపాడుకున్నారు. ఆ అడవికి కల్పవల్లి అని పేరు.

చెప్పడానికి ఇది తేలిక. వేసవిలో కొండ గడ్డికి నిప్పు పెట్టడము, చేతికందిన చెట్టు నరకడము, ఎవరి గొర్రెలు ఎక్కడైనా మేయడము మనకు తరతరాల అలవాట్లు. "ప్రభుత్వ భూమి, మనకెందుకు కాపలా?" అనే మాట కూడా అలవాటే. ఆ ఊళ్ళవారు కాపలాదారులను పెట్టుకున్నారు, మంట వ్యాపించకుండా గడ్డి తీసి దారులు వేశారు, తమ గొర్రెలకు తామే హద్దు పెట్టుకున్నారు. ఫలము వెంటనే కనబడలేదు. ఏండ్లు గడిచిన తరువాత బోడికొండ మీద బోద గడ్డి పెరిగింది, వంకల పక్కన ఈత పొదలు లేచాయి, జింకలు, తోడేళ్ళు తిరిగి వచ్చాయి. ఒంటరిగా ఎవరూ చేయలేని పని అది. పదిమంది కలిసి గట్టు దాటితే భయము పదవ వంతు అవుతుంది, సంతోషము మాత్రము తగ్గదు.

ఆడబిడ్డలు దాటిన గట్టు

మన ఇండ్లలో అందరికంటె ఎత్తైన గట్టు స్త్రీల చుట్టూనే ఉన్నది. 1990ల మొదటి సంవత్సరములలో పొదుపు సంఘములు ప్రారంభమైనప్పుడు, నెలకు కొద్ది రూపాయలు దాచడము పెద్ద విషయము కాదు. వేలిముద్ర మాని పేరు వ్రాయడము, బ్యాంకులో కుర్చీలో కూర్చొని మాట్లాడటము, "సంఘము మీటింగుకు పోతున్నాను" అని ఇంటిలో చెప్పడము, అవీ పెద్ద విషయములు. మేము గ్రామములు తిరిగేటప్పుడు ఇప్పటి సంఘపు లీడర్లను చూస్తుంటే, వీరిలో చాలామంది ఒకప్పుడు గడప దాటి మాట్లాడనివారే గదా అనిపిస్తుంది.

మన జిల్లా బయట కూడా ఒక ఉదాహరణ ఉన్నది. నెల్లూరు జిల్లా దూబగుంటలో రాత్రిబడికి వెళ్ళి అక్షరములు నేర్చుకున్న స్త్రీలు 1992లో సారాకు ఎదురు తిరిగారు. భర్తకే ఎదురు చెప్పలేని స్త్రీలు సారా దుకాణము ముందు నిలబడ్డారు. ఆ ఉద్యమము రాష్ట్రమంతా వ్యాపించి, 1993 అక్టోబరు 1 నుండి ప్రభుత్వము సారాను నిషేధించింది. మొదటి అడుగు మాత్రము చిన్నది. పగలంతా కూలికి పోయి అలసిన ఒళ్ళుతో రాత్రి పలక పట్టుకోవడమే ఆ అడుగు.

ఈ కాలపు ఆడపిల్లల సంగతి చూడండి. నార్పల మండలము నుండి వచ్చిన బారెడ్డి అనూష వ్యవసాయ కుటుంబపు బిడ్డ. అనంతపురములో ఆర్డీటీ క్రీడా శిక్షణలో క్రికెట్టు నేర్చుకొని, ఎడమచేతి స్పిన్ బౌలరుగా 2023 జూలైలో బంగ్లాదేశ్‌లో భారత జట్టు తరఫున ఆడింది. "ఆడపిల్లకు ఆటలేమిటి?" అనే మాట మన ఊళ్ళలో నేటికీ వినబడుతుంది. అనూష వలె అందరూ భారత జట్టుకు పోరు. అయితే పొద్దున్నే లేచి మైదానమునకు పోయే ప్రతి ఆడపిల్లకు తన ఒంటి బలము తనకు తెలుస్తుంది. ఆ సంతోషమును కట్నముతో కొనలేము.

సంతోషము ఎందుకు కలుగుతుంది?

దీనిని పండితులు కూడా పరిశీలించారు. చికాగో విశ్వవిద్యాలయములో పనిచేసిన మిహాయ్ చిక్‌సెంట్‌మిహాయి అనే మనస్తత్వ శాస్త్రజ్ఞుడు మనుష్యుల దగ్గర ఒక చిన్న యంత్రమును ఉంచేవాడు. అది రోజులో ఎప్పుడో ఒకప్పుడు మోగుతుంది. మోగినప్పుడు వారు తాము ఏమి చేస్తున్నారో, మనసు ఎట్లున్నదో వ్రాయాలి. అట్లు వ్రాసినవి చూస్తే, ఊరకే కూర్చున్నప్పటి కంటె, తమ శక్తికి సరితూగే కష్టమైన పనిలో లీనమైనప్పుడే మనుష్యులు ఎక్కువ తృప్తిగా ఉన్నట్టు తేలింది. పని మరీ తేలికైతే విసుగు. మరీ కష్టమైతే భయము. రెండింటికి నడుమ, ఉన్న శక్తి కంటె ఒక్క మెట్టు పైన ఉన్న పనిలో మనసు వికసిస్తుంది. 1990లో ఆయన ఈ సంగతులను ఒక గ్రంథముగా వ్రాశాడు.

మన రైతుకు ఇది కొత్త కాదు. కోడెను మొదటిరోజే బరువు బండికి కట్టడు. అనుభవమున్న ఎద్దుకు జతగా కట్టి, తేలిక మాను ఈడ్పిస్తాడు. తరువాత గుంటక, ఆ తరువాత గొర్రు, చివరికి బండి. కోడె దగ్గర చూపే ఈ జ్ఞానమును మన పిల్లల దగ్గర, మన దగ్గర చూపితే చాలు.

పేతురు పడవ దిగిన సంగతి మీకు తెలుసు. అతడు మునగబోయాడని మనము తరచుగా చెప్పుకుంటాము. పడవలోనే కూర్చున్న మిగిలినవారి బట్టలు తడవలేదు. అయితే నీటి మీద నాలుగు అడుగులు వేసిన జ్ఞాపకము వారికి లేదు. అంతేకాక, అతడు పిచ్చిధైర్యముతో దూకలేదు. పిలుపు విని దిగాడు, చెయ్యి అందేంత దూరములోనే నడిచాడు.

అడుగు వేసే ముందు

కాబట్టి ఏ కుటుంబమైనా కొత్త అడుగు వేసే ముందు నాలుగు ప్రశ్నలు వేసుకోవాలి.

మొదటిది: ఇది పోతే మేము తట్టుకోగలమా? పిల్లల బియ్యము, బడి ఫీజు, ఇంటి స్థలము పందెములో పెట్టేది సాహసము కాదు, జూదము.

రెండవది: ఇది నిజముగా కొత్తదేనా, లేక పాత అలవాటే పెద్దదై వచ్చిందా?

మూడవది: మాతో నడిచేవారు ఎవరు? ఇంటిలోని వారందరికీ తెలియకుండా వేసే అడుగు ఇంటిని చీలుస్తుంది. భార్యతో ఆలోచించని భర్త, తండ్రికి చెప్పని కొడుకు ఎంత దూరము పోయినా ఒంటరివారే.

నాలుగవది: దీని వలన మాకు గాక మరెవరికి మేలు? మరొకరి మేలు కొరకు వేసిన అడుగు తప్పిపోయినా మనసు చేదు కాదు. నలుగురిలో పేరు కొరకు వేసినది ఫలించినా తృప్తి నిలువదు.

ఈ నెల మీ ఇంటిలో

ఒక సాయంకాలము భోజనము తరువాత టీవీ, సెల్‌ఫోను పక్కన పెట్టి, అందరు కలిసి కూర్చోండి. "భయము వలన మానుకున్న మంచి పని ఏది?" అని ఒక్కొక్కరిని అడగండి. చిన్నవారిని ముందు మాట్లాడనివ్వండి. పిల్లవాడు లెక్కల మాస్టరును అనుమానము అడగడానికి భయపడుతుండవచ్చు. కోడలు కుట్టుపని నేర్చుకోవాలనుకొని అడగలేక ఉండవచ్చు. తండ్రి ఏండ్ల తరబడి మాట్లాడని తమ్ముని ఇంటికి పోవాలనుకొని గడప దగ్గరే ఆగిపోతుండవచ్చు. ముసలమ్మకు తన పేరు తాను వ్రాసుకోవాలని ఉండవచ్చు. వయసు అయిపోయిందని ఆమెను ఆపకండి. అబ్రాహాము హారాను విడిచి బయలుదేరినప్పుడు 75 ఏండ్లవాడు.

అందరివీ విన్న తరువాత ఒక్కటి ఎంచుకోండి. అన్నీ కాదు, ఒక్కటే. దానిని నెలలోపల చేయడానికి ఇంటిలోని మిగిలినవారు ఏ విధముగా సహాయపడతారో అప్పుడే మాట్లాడుకోండి. పని జరిగిన రోజు రాగి సంకటి, ఊరిబిండి అయినా సరే కలిసి తినండి. జరగకపోతే నిందించకండి, వచ్చే నెల మళ్ళీ ప్రయత్నించండి.

వాన మన చేతిలో లేదు. పడేది ఎప్పుడో మనకు తెలియదు. అయితే ఈసారి చేనిలో ఒక్క సాలు మార్చి విత్తడము మన చేతిలో ఉన్నది. ఆ సాలులో మొలక లేచిన ఉదయము, గట్టు మీద నిలబడి ఇంటివారినందరిని పిలిచి చూపించండి.